ఫోనుపై నింద యేల?

ఇటీవల విద్యావంతుల యిండ్లలో నొక విలాపము తఱచుగా వినవచ్చుచున్నది. పిల్లలు ఫోనులలో తెలుగును ఇంగ్లీషు అక్షరములతో వ్రాయుచున్నారట, మాటలను కుదించుచున్నారట, ఒక్క వాక్యములోనే రెండు భాషలు కలుపుచున్నారట, కావున ఫోను తెలుగును చంపుచున్నదట! ఇట్లు విలపించు పెద్దలకు భాషాభిమానము లేదని మేమనము. కాని వ్యాధి యొకచోట నుండగా మందు మఱియొకచోట పూసినచో రోగము కుదురునా? ఫోనును నిందించుచున్నంతకాలము అసలు నేరము తప్పించుకొని తిరుగుచునే యుండును. ఇంటను బడిలోను తెలుగు చదువును చిన్నచూపు చూచుటయే యా నేరమని మా వాదము.

మొదట కుదింపుల సంగతి విచారింతము. మన తాతలు జాబు వ్రాయునపుడు "మ.రా.రా.శ్రీ" అని యారంభించెడివారు. నేటికిని శుభలేఖలలో వధువు పేరునకు ముందు "చి.ల.సౌ." అని యచ్చొత్తించుచున్నారు. వీనివలన తెలుగు చచ్చినదా? కాగితమును కాలమును మిగుల్చుకొనవలెనను కోరిక ఫోనుకంటె బహుప్రాచీనము. ఇంగ్లండునందు నిట్టి యాందోళనమే చెలరేగినపుడు పరిశోధకులు ఊహలతో తృప్తినొందక పిల్లలనే పరీక్షించిరి. కోవెంట్రీ విశ్వవిద్యాలయమునకు చెందిన బెవర్లీ ప్లెస్టర్, క్లేర్ వుడ్ మున్నగువారు 2009లో ప్రకటించిన పరిశోధనలో 10 మొదలు 12 ఏండ్ల ప్రాయముగల 88 మంది బాలబాలికలు పాల్గొనిరి. సందేశములలో కుదింపుమాటలను ఎక్కువగా వాడినవారు చదువుటలో వెనుకబడలేదు సరికదా, మెఱుగుగానే యుండిరి. మాటను కుదించువాడు దాని ధ్వనులను విడదీసి గుర్తింపగలవాడై యుండవలయును. చదువునకు మూలము ఆ ధ్వనిజ్ఞానమే గదా! ఆ పరిశోధన ఇంగ్లీషునకు సంబంధించినది. దానిని తెలుగునకు యథాతథముగా నన్వయింపరాదు. అయినను నింద మోపువారు సాక్ష్యము చూపవలయుననుటకు అది చాలును.

ఇంగ్లీషు అక్షరములతో తెలుగు వ్రాయుటను గూర్చిన ఫిర్యాదులో మాత్రము సత్యము కలదు. ఆ వ్రాతలో "అది", "ఆది", "ఆడి" అను మూడు మాటలును ఒక్క రూపమే దాల్చును. "కల"కును "కళ"కును భేదము నశించును. "పడు" అనినను "పాడు" అనినను ఒక్కటియే. తెలుగు బాగుగా వచ్చినవాడు సందర్భమునుబట్టి సరిదిద్దుకొని చదువుకొనును. ఇప్పుడిప్పుడే నేర్చుకొనుచున్న బాలునకు ఆ యాధారము లేదు. విదేశములలో పుట్టి, అమ్మమ్మ మాటలు చెవితో మాత్రమే యెఱిగిన పిల్లలకు మఱియు లేదు. వారికి ఈ వ్రాత మాటను చూపును గాని మాటలోని ప్రాణమును చూపదు.

అయితే యీ యలవాటు ఎట్లు కలిగినది? 1990 ప్రాంతముల కంప్యూటరులలో తెలుగక్షరములు సులభముగా లభించెడివి కావు. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణమున తెలుగునకు స్థానము లభించినను, అది సామాన్యుని చేతికి వచ్చుటకు ఏండ్లు పట్టెను. ఆ కాలమున దేశాంతరములనున్న తెలుగువారు ఇంగ్లీషు అక్షరములతోనైనను తెలుగు వ్రాసికొనుటకు పద్ధతులు కల్పించుకొనిరి. అది భాషాద్రోహము కాదు, భాషాప్రీతియే. నేడా యిబ్బంది తొలగినది. ఫోనులోనే తెలుగు మీటలు కలవు. ఇంగ్లీషు అక్షరములు నొక్కినచో తెలుగక్షరములుగా మార్చు సాధనము కలదు. నోటితో పలికినచో వ్రాసిపెట్టునదియు కలదు. ఇక యంత్రమును సాకుగా చెప్పుటకు వీలులేదు. అయినను పిల్లలు తెలుగు లిపిని తాకకున్నారు. ఏల? చదువుట కలవాటుపడని లిపిలో వ్రాయుటకు చేయి రాదు. వర్ణమాల వచ్చియు, కథలపుస్తకములో నొక పుట చదువుటకు ఆయాసపడు బాలుడు తెలుగు మీటల జోలికి ఏల పోవును?

ఆ బాలుని ఆ స్థితికి తెచ్చినవా రెవరు? "మావాడికి తెలుగు చదవడం రాదండీ!" అని చుట్టములయెదుట చిఱునవ్వుతో చెప్పుకొను తలిదండ్రులను చదువరులు చూడకపోలేదు. తన భాష చదువలేకపోవుట ఒక యాభరణమైనది! అదే గృహస్థు సాయంకాలము సభలో కూర్చుండి, ఫోను తెలుగును చంపుచున్నదని కన్నీరు కార్చును. ఇంతకన్న విడ్డూరము కలదా?

ఇంగ్లీషు వలదని మేమనుట లేదు. తెలుగునకిచ్చిన గడియ ఇంగ్లీషునుండి దొంగిలించినదే యను భ్రమను మాత్రము ఖండించుచున్నాము. ప్రాథమికవిద్యకు మాతృభాషయే యుత్తమ సాధనమని యునెస్కో 1953లోనే ప్రకటించెను. 1970లో నైజీరియాలోని ఇఫేయందు ఫాఫున్వా మున్నగు పండితులు ఆఱేండ్ల ప్రాథమికవిద్యను యోరుబా భాషలో జరిపించి, ఇంగ్లీషును ఒక పాఠ్యాంశముగా శ్రద్ధతో నేర్పించిరి. ఆ పిల్లలు తక్కిన విషయములందేకాక ఇంగ్లీషునందును వెనుకబడలేదు. ఒక భాషలో నేర్చిన పఠనశక్తి మఱియొక భాషకు తోడ్పడునని కెనడా పండితుడు జిమ్ కమిన్స్ 1979లో సిద్ధాంతీకరించెను. మన గిడుగు వెంకటరామమూర్తిపంతులుగారు అంతకు ఎన్నియో యేండ్లకు ముందే పర్లాకిమిడి ప్రాంతమున సవరభాష నేర్చి, సవరపిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించిరి. ఏటేట ఆగస్టు 29న ఆయన పటమునకు పూలమాల వేయువారు ఈ యొక్క సంగతిని ఏల మఱచుచున్నారు?

చట్టమే సర్వము చక్కజేయునని కొందఱి యాశ. 2018లో తెలంగాణము ఒకటి మొదలు పది తరగతులవఱకు తెలుగును తప్పనిసరి చేయుచు చట్టము చేసెను. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడులను ఇంగ్లీషు మాధ్యమమునకు మార్ప ఉత్తరువు లీయగా, 2020 ఏప్రిలులో హైకోర్టు వానిని కొట్టివేసెను. చట్టము పిల్లవాని చేతిలో పుస్తకము పెట్టగలదు. న్యాయస్థానము దానిని లాగుకొనువారిని ఆపగలదు. కాని ఆ పుస్తకమును విప్పవలెనను కోరికను పుట్టించునది ఇల్లే.

కావున గృహస్థులారా, సోదరీమణులారా! దినమునకు పావుగంట పిల్లలచేత తెలుగు బిగ్గరగా చదివింపుడు. మీరును వారికి చదివి వినిపింపుడు. ఫోనులో తెలుగు మీటలను మీరే యమర్చి, ఊరిలోనున్న తాతగారికి వారానికొక్క సందేశమైనను తెలుగు లిపిలో పంపింపుడు. తప్పులు దొర్లినచో నవ్వకుడు. నవ్విన యింట పిల్లవాడు మరల వ్రాయడు. చుట్టములయెదుట ఇంగ్లీషు పద్యము చెప్పించునపుడు ఒక తెలుగు పద్యమును గూడ చెప్పింపుడు. ఇవి యేవియు వ్యయముతో కూడిన పనులు కావు. వీనిని చేయక ఫోనును తిట్టువారిని ఒక్క ప్రశ్న యడుగుచున్నాము: మీ పిల్లవాడు నేడు తెలుగులో ఏమి చదివెను?