చివరి వరుసలో నిలబడే ధైర్యం

తన గుంపులో మొదటివాడిగా గెలుస్తున్న మనిషి, ఎవరూ బలవంతం చేయకుండానే వెళ్లి మరో గుంపులో చివరివాడిగా నిలబడతాడా? లోకజ్ఞానం ఉన్నవాడెవడూ ఆ పని చేయడంటాం. కానీ ట్రయథ్లాన్ అనే ఆటలో ఏటా కొందరు యువతీ యువకులు సరిగ్గా ఆ పనే చేస్తున్నారు. వారి నుండి మనం నేర్చుకోవలసింది చాలా ఉంది.

ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి విరామం లేకుండా సాగే పోటీ ట్రయథ్లాన్. 1978లో హవాయి దీవుల్లో మొట్టమొదటి ‘ఐరన్‌మ్యాన్’ పోటీ జరిగినప్పుడు బయలుదేరింది 15 మంది, గమ్యం చేరింది 12 మంది. అందులో సగం దూరం ఉండే పోటీనే హాఫ్ ఐరన్‌మ్యాన్ అంటారు. 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు. మైళ్లలో మొత్తం 70.3 కాబట్టి ఆ అంకెనే దానికి పేరుగా పెట్టారు. తడి ఒంటితో సైకిల్ ఎక్కే సమయం, బూట్లు తొడుక్కునే సమయం కూడా లెక్కలోకే వస్తాయి. 2019లో ఈ పోటీ మన దేశంలో గోవాకు కూడా వచ్చింది.

ఇందులో పాల్గొనేవారిలో ఎక్కువమంది ఉద్యోగాలు చేసుకుంటూ తీరిక వేళల్లో సాధన చేసే అమెచ్యూర్లు. 25 నుండి 29 ఏళ్లవారు ఒక విభాగం, 30 నుండి 34 ఏళ్లవారు మరో విభాగం, ఇలా ఈడును బట్టి పోటీపడతారు. ఎనిమిదిన్నర గంటల్లోపు పూర్తిచేస్తే చాలు, మెడలో పతకం పడుతుంది. ఆ విభాగాల్లో అందరికన్నా ముందున్నవారికి ప్రొఫెషనల్ లైసెన్సు తీసుకునే అర్హత దొరుకుతుంది. తీసుకుని తీరాలన్న నిబంధనేమీ లేదు. తీసుకోకుండా ఉండిపోతే ఏటా తన ఈడువారిలో తానే మొదటివాడు, ఇంటినిండా బహుమతులే! తీసుకున్నాడా, ఆ పాత విభాగం తలుపు మూసుకుపోతుంది. ఇకపై అతని పక్కన నిలబడేది ఒలింపిక్స్‌లో పాల్గొన్నవారు, ప్రపంచ చాంపియన్లు. నాలుగు గంటల్లోపే పోటీ ముగించే పురుషులు వాళ్లు. బహుమతి సొమ్ము ముందు వచ్చిన కొద్దిమందికే. విమానం టికెట్టు, సైకిల్, శిక్షణ ఖర్చులు కొత్తవాడు చాలావరకు తన జేబులోంచే పెట్టుకోవాలి.

పై వరుసకు వెళ్తే సౌకర్యాలు పెరుగుతాయని మనం అనుకుంటాం. ఇక్కడ తగ్గుతాయి! చల్లటి నీళ్లలో వెచ్చదనం కోసం, తేలికగా తేలడం కోసం ఈతగాళ్లు వెట్‌సూట్ అనే రబ్బరు దుస్తులు వేసుకుంటారు. ఐరన్‌మ్యాన్ నిబంధనల్లో నీటి వేడి 24.5 డిగ్రీల సెల్సియస్ వరకు ఉన్నా అమెచ్యూర్ ఆ దుస్తులతో పోటీపడవచ్చు. ప్రొఫెషనల్‌కు ఆ హద్దు 21.9 డిగ్రీలే. అంటే 23 డిగ్రీల నీళ్లలో నిన్నటి దాకా రబ్బరు దుస్తులతో ఈదినవాడు ఈరోజు అవి లేకుండా దూకాలి. ఎక్కువ ఎవరికి ఇవ్వబడిందో వారి దగ్గర ఎక్కువే అడగబడుతుందన్న ప్రభువు బోధను ఈ చిన్న నిబంధన మనకు గుర్తుచేయడం లేదా?

అసలు పరీక్ష సైకిల్ మీద మొదలవుతుంది. ఈతలో ముందువాడి కాళ్ల వెనుకే ఈదితే శ్రమ తగ్గుతుంది, దానికి అనుమతి ఉంది. సైకిల్ మీద మాత్రం ముందువాడి చాటున దాక్కుని గాలిని తప్పించుకోవడం నేరం. కనీసం 12 మీటర్ల దూరం ఉండాలి, కొన్ని పోటీల్లో 20 మీటర్లు. ఉల్లంఘించినవాడు రోడ్డు పక్క గుడారంలో అయిదు నిమిషాలు ఊరికే నిలబడాలి. నీళ్లలో కొన్ని క్షణాలు వెనుకబడి గుంపును పోగొట్టుకున్న కొత్తవాడికి ఇక 90 కిలోమీటర్లూ ఒంటరి ప్రయాణమే. మోటార్‌సైకిల్ మీద రిఫరీలు తిరుగుతుంటారు కానీ ప్రతి మలుపులో ప్రతివాణ్నీ చూడలేరు. ఎదుటివాడు కాస్త దగ్గరగా కనిపిస్తాడు, చుట్టూ ఎవరూ ఉండరు. ఆ 12 మీటర్లను పాటించేది కాళ్ల బలం కాదు, మనస్సాక్షి.

ఇక్కడే కొత్తవాడు చేసే పెద్ద పొరపాటు ఒకటుంది. ముందువారు కనుమరుగవుతున్నారన్న కంగారులో తన శక్తికి మించి తొక్కేస్తాడు. శరీరంలో నిల్వ ఉన్న పిండిపదార్థపు శక్తి అలాంటి తీవ్రమైన శ్రమకు రెండు గంటలు కూడా సరిగా చాలదు. ఆకలి లేకపోయినా తింటూ, దాహం లేకపోయినా తాగుతూ, తన వేగం తాను చూసుకుంటూ వెళ్లాలి. అలా కాక ఇంకొకరి వేగంతో తొక్కినవాడు సైకిల్ దిగి 21 కిలోమీటర్ల పరుగు మొదలుపెట్టాక దానికి వెల చెల్లిస్తాడు. కాళ్లు మొరాయిస్తాయి, పరుగు నడకవుతుంది. పొరుగువాడి పరిచర్యను చూసి, పొరుగు సంఘం కట్టిన మందిరాన్ని చూసి మన శక్తికి మించి పరుగెత్తి మధ్యలో కూలబడిన అనుభవాలు మనకు లేవా?

మరి ఎప్పుడూ వెనుకే ఉండేవాడికి ఆశ ఎక్కడుంది? 2024లో మొదలైన ఐరన్‌మ్యాన్ ప్రో సిరీస్‌లో ఒక చక్కటి లెక్క ఉంది. సగం దూరపు పోటీ గెలిచినవారికి 2,500 పాయింట్లు. ఆ తర్వాత వచ్చేవారికి ఒక్కో సెకను ఆలస్యానికి ఒక్కో పాయింటు తగ్గుతుంది. 20 నిమిషాలు వెనుకబడి వచ్చినవాడికి కూడా 1,300 పాయింట్లు మిగులుతాయి. అంటే బహుమతి అందనివాడు చివరి మలుపులో పళ్లబిగువున పరుగెత్తిన పది సెకన్లు కూడా వృథా పోవు. కెమెరాలు వెళ్లిపోయాక వచ్చినవాడి సెకన్లనూ అక్కడ లెక్కిస్తున్నారు!

బ్రిటన్‌కు చెందిన లూసీ చార్లెస్ బార్‌క్లే 2012 ఒలింపిక్స్ ఈత జట్టులో చోటు కోసం ప్రయత్నించి విఫలమైంది. 2014లో ట్రయథ్లాన్ వైపు వచ్చి, 2015లో హవాయిలో 18 నుండి 24 ఏళ్ల విభాగంలో గెలిచింది. తర్వాత ప్రొఫెషనల్ అయింది. 2017, 2018, 2019, 2022 సంవత్సరాల్లో హవాయిలో నాలుగు సార్లూ రెండో స్థానమే. మధ్యలో 2021లో అమెరికాలోని సెయింట్ జార్జ్‌లో సగం దూరపు ప్రపంచ టైటిల్‌ను ఎనిమిది నిమిషాలకు పైగా తేడాతో గెలుచుకుంది. 2023లో హవాయి కిరీటమూ దక్కింది. ఈడువారిలో మొదటి స్థానం దగ్గరే ఆగిపోయి ఉంటే ఆ నాలుగు ఓటములూ ఉండేవి కావు, ఆ కిరీటాలూ ఉండేవి కావు.

ఈ దారిలో ఆమెకన్నా ఎంతో ముందు నడిచినవాడు మనకు బాగా తెలుసు. గమలీయేలు పాదాల దగ్గర చదువుకున్న సౌలు, తన ఈడువారిలో అనేకులకన్నా ముందుండేవాణ్నని గలతీయులకు రాసిన పత్రికలో తానే ఒప్పుకున్నాడు. ఆ మొదటి స్థానాన్ని వదిలి క్రీస్తు దగ్గరకు వచ్చినప్పుడు అతనికి దొరికిందేమిటి? యెరూషలేములో శిష్యులు అతణ్ని నమ్మలేదు, చూసి భయపడ్డారు. అపొస్తలులందరిలో తాను అల్పుణ్నని చెప్పుకోవలసిన స్థానం అతనిది. ఇస్త్మియ క్రీడలు జరిగే చోటికి దగ్గర్లోనే ఉన్న కొరింథు విశ్వాసులకు పరుగుపందెం గురించి రాసింది ఈ పౌలే. గెలిచినవాడి తలమీది ఆకుల కిరీటం వాడిపోతుందని అతనికి తెలుసు. చివరి వరుసలో మొదలుపెట్టడమంటే ఏమిటో అనుభవించి తెలుసుకున్నవాడతను.

అయితే ఆ చివరి వరుసలో అతని చెయ్యి పట్టుకున్న మనిషి ఒకడున్నాడు. బర్నబా! అందరూ అనుమానించిన కొత్తవాణ్ని వెంటబెట్టుకుని అపొస్తలుల దగ్గరకు తీసుకెళ్లాడు. బర్నబా లేకపోతే పౌలు ఎన్నాళ్లు గుమ్మం బయటే నిలబడేవాడో ఆలోచించండి.

పల్లెటూరి బడిలో మొదటి ర్యాంకు తెచ్చుకున్న పిల్లవాడు పట్నం కాలేజీలో నలభయ్యో స్థానంలోకి జారి, సెలవులకు ఇంటికొచ్చినప్పుడు మనం అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? ర్యాంకెంత అనే కదా! సెమినరీ నుండి కొత్తగా వచ్చిన యువ కాపరి తొలి ప్రసంగంలో తడబడితే ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర మనం మాట్లాడుకునేది దేని గురించి? పాత కాపరులమైన మేమే కొత్తవారిని పోల్చి చూసి నొప్పించిన సందర్భాలు లేవని చెప్పలేం. పిల్లవాడు చిన్న చోట మొదటివాడిగా ఉండిపోతే మనకు గొప్ప, పెద్ద చోట చివరివాడైతే మనకు అవమానం! ఆ అవమానాన్ని మోయలేక మౌనంగా కుమిలిపోయే పిల్లలు ఎన్ని ఇళ్లలో ఉన్నారో దేవునికే తెలుసు.

సగం దూరపు పోటీలో తొలిసారి ప్రొఫెషనల్ వరుసలో నిలబడి, అందరికన్నా వెనుక గమ్యం చేరిన యువకుడు తిరిగి ఇంటికి తెచ్చుకునేది పతకం కాదు. తన కొలత తనకు తెలియడం, తప్పించుకునే అవకాశం ఉన్నా 12 మీటర్లు పాటించానన్న నెమ్మది. వచ్చే పోటీకి అవే అతని పెట్టుబడి. ఈ ఆదివారం ఆరాధన ముగిశాక మన సంఘంలో కొత్తగా మొదలుపెట్టినవారు ఎవరో చూద్దాం. స్థానమెంతని అడగకుండా, బర్నబాలా దగ్గరకెళ్లి చెయ్యి పట్టుకుందాం.