ఇంటిపేరులో ‘ఓ’

2011 ప్రపంచ కప్‌లో, బెంగళూరులో, ఇంగ్లండ్‌పై 50 బంతుల్లో సెంచరీ కొట్టిన ఐర్లాండ్ ఆటగాడు కెవిన్ ఓబ్రయన్. ఆయన ఇంటిపేరులోని ‘ఓ’ ఉత్త అక్షరం కాదు. ఐరిష్ భాషలో దానికి మనవడు, వంశస్థుడు అని అర్థం. ‘మాక్’ అంటే కొడుకు. ఓబ్రయన్ అనే పేరు 1014లో క్లాంటార్ఫ్ యుద్ధంలో చనిపోయిన బ్రయన్ బోరు అనే రాజు నుంచి వచ్చింది. ఐరిష్‌లో రాసేటప్పుడు ఆడపిల్లల ఇంటిపేరుకు ‘ఓ’ బదులు ‘నీ’ వస్తుంది. ఇంటిపేరు చూస్తేనే అమ్మాయో అబ్బాయో తెలిసిపోతుందన్నమాట!

ఇంగ్లీషు పాలన ఈ పేర్లను ఉండనివ్వలేదు. డబ్లిన్ చుట్టుపక్కల ఐరిష్ వాళ్లు ఊరు, రంగు, వృత్తి వంటివాటిని బట్టి ఇంగ్లీషు ఇంటిపేర్లు పెట్టుకోవాలని 1465లో చట్టమే చేశారు. తర్వాత చాలామంది ‘ఓ’, ‘మాక్’ వదిలేశారు. ‘కమ్మరి కొడుకు’ అనే అర్థమున్న మెక్‌గవన్ కొన్ని ఇళ్లలో స్మిత్ అయింది. కమ్మరి మిగిలాడు, కొడుకు పోయాడు. 1893లో గేలిక్ లీగ్ మొదలై భాషపై అభిమానం పెరిగాక కొందరు ‘ఓ’ను తిరిగి చేర్చుకున్నారు.

రాసేవాళ్ల సౌకర్యం కోసం పేరు మారకూడదని నా అభిప్రాయం. బదిలీల మీద తిరిగే మనకు ఇది కొత్త కాదు. తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందుంటుంది. ఉత్తరాది బడిలో చేరితే హాజరు పట్టీలో అదే అసలు పేరైపోతుంది, ఏడాదంతా దాంతోనే పిలుస్తారు. “పోనీలే” అని మనమూ ఊరుకుంటాం. ఎందుకు ఊరుకోవాలి? ఏది ఇంటిపేరో, ఏది పిలిచే పేరో చేరిన రోజే టీచర్‌గారికి చెప్పి సరిగా రాయించుకోవచ్చు.