ఒకటికి ‘నిజం’ కలిపితే...

ఔటర్ రింగ్‌రోడ్డు పక్కన నార్సింగి అపార్ట్‌మెంట్లలో అర్ధరాత్రి దాటినా కొన్ని కిటికీల్లో వెలుతురు కనిపిస్తూనే ఉంటుంది. ‘ఇంకా పడుకోలేదేంట్రా?’ అని అమ్మ అడిగితే ‘ఎర్రరొచ్చిందమ్మా’ అంటాడు కొడుకు. ‘ఏమంటోందది?’ ‘అదే అర్థం కావట్లేదు!’

అబ్బాయి మొద్దేం కాదు. మనం రాసిన ప్రోగ్రామును యంత్రానికి తెలిసే భాషలోకి మార్చే కంపైలర్ మాట తీరే అంత. హాస్కెల్ లాంటి ఫంక్షనల్ భాషల్లో, అంటే ప్రోగ్రామును లెక్కల్లోని ఫంక్షన్లలా రాసే భాషల్లో, మరీనూ. 1990లో తొలి రూపం దిద్దుకున్న ఈ భాషకు అమెరికా తర్కశాస్త్రవేత్త హాస్కెల్ కర్రీ పేరు పెట్టారు. (మన కూరకీ దానికీ సంబంధం లేదు!)

ఇందులో ఒకటికి ‘నిజం’ కలపమని రాశారనుకోండి. నిజం, అబద్ధం అనేవి అంకెలు కావు, కూడటం కుదరదు. ఆ ముక్క చెప్పి ఊరుకోవచ్చుగా? అబ్బే! హాస్కెల్ ప్రధాన కంపైలర్ జీహెచ్‌సీ పాత వెర్షన్లు, నిజాన్నీ అబద్ధాన్నీ అంకెల జాతిలో చేరుస్తూ ఓ ప్రకటన రాసి చూడమని సలహా ఇచ్చేవి. గేదె డీజిల్‌తో నడవట్లేదంటే ఇంజను బిగించమన్నట్టు!

దీని వెనక కారణముంది. ఏది అంకె, ఏది అక్షరాల వరుస అని ప్రతిచోటా మనం రాయనక్కర్లేదు. వాడిన తీరును బట్టి కంపైలరే పోల్చుకుంటుంది. పదో లైన్లో మనం పొరబడితే, దాన్నే సరైందనుకుని ముందుకెళ్లి అరవయ్యో లైన్లో పొంతన కుదరక ఆగిపోవచ్చు. అప్పుడది చూపించేది తను ఆగిన చోటునే. నెలాఖరున ఇంటి లెక్క తేలకపోతే చివర రాసిన పాల పద్దును అనుమానిస్తామా? తప్పు మొదటివారం కిరాణా పద్దులో ఉండొచ్చుగా!

చేయి తిరిగినవాళ్లు అలవాటుపడిపోతారు. ‘ఇది మనవల్ల కాదు’ అని బెంగపడేది కొత్తగా నేర్చుకునేవాళ్లే. నెదర్లాండ్స్‌లోని యుట్రెక్ట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అలాంటి విద్యార్థుల కోసమే హీలియం అనే కంపైలర్ తయారుచేసి, 2003లో దాని వివరాలు ప్రచురించారు. హాస్కెల్‌లోని కొన్ని క్లిష్టమైన సౌకర్యాలను వదులుకుని, తప్పును తేటగా చెప్పడం మీద దృష్టి పెట్టారు. బేరం లాభసాటిదే! 2015లో ఎల్మ్ అనే మరో ఫంక్షనల్ భాష ఇంకో అడుగు వేసింది. ‘ఇక్కడ అంకె వస్తుందనుకున్నాను, మీరు అక్షరాలిచ్చారు’ అన్న ధోరణిలో మనిషిలా మాట్లాడటం మొదలుపెట్టింది. మరుసటి ఏడాదే రస్ట్ భాషవాళ్లు అది చూసి తమ సందేశాలను తిరగరాసుకున్నారు.

హాస్కెల్ కూడా దారికొస్తోంది. 2023లో వచ్చిన జీహెచ్‌సీ 9.6 నుంచి ఎర్రర్‌కో నంబరు ఇస్తున్నారు. దాంతో వెతికితే స్వచ్ఛందంగా కొందరు రాసిపెట్టిన వివరణ, ఉదాహరణతో సహా దొరుకుతుంది. అన్ని నంబర్లకూ ఇంకా రాయలేదు. తెలిసినవాళ్లెవరైనా ఓ చెయ్యి వేయొచ్చు.