నా సాక్ష్యం చిన్నదే

సూర్యాపేటలో మా చర్చిలో సాక్ష్యాల టైమ్ అంటే నాకు భయం. తాగుడు మానినవాళ్లు, జబ్బు నయమైనవాళ్లు లేచి చెప్తారు. చిన్నప్పటి నుంచీ సండేస్కూల్లో పెరిగిన నేనేం చెప్పాలె?

యర్రగుంట్ల పేరయ్య గురించి చదివాక కొంచెం ధైర్యం వచ్చింది. ఒంగోలు వైపు మనిషి, తోళ్ల వ్యాపారి. యోగ గురువుల దగ్గర దేవుణ్ణి వెతికి వెతికి, 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. తర్వాత తనవాళ్లకు ఊరూరా తిరిగి చెప్పాడు. నాకు నచ్చింది ఆ వెతుకులాటే.

మొన్న ఆదివారం లేచా. నాన్న పోయాక ఎనిమిది నెలలు ప్రార్థన చేయలేదని, అమ్మను బండి మీద దింపి గేటు బయటే ఫోన్ చూస్తూ కూర్చున్నానని, ఒక వారం ఎందుకో లోపలికి వచ్చానని చెప్పా. అంతే. ఎవరూ హల్లెలూయ అనలేదు లెండి!

ఆరాధన అయ్యాక ఇంటర్ చదివే పిలగాడొకడు నా బండి దగ్గరికొచ్చాడు. "అన్నా, నేనింకా బయట్నే ఉన్నా" అన్నాడు.