వాయుగుండము ఏ కార్తెలో వచ్చినది?

ఆంధ్రదేశమున అనావృష్టి నెలకొన్న ప్రతి సంవత్సరమును, శ్రావణము గడచి భాద్రపదము ప్రవేశించుసరికి, రైతుల నోటను అధికారుల నోటను ఒక్క మాటయే వినవచ్చుచుండును: బంగాళాఖాతమున ఒక వాయుగుండము లేచినచో లోటు పూడిపోవునని. ఈ ఆశ నిరాధారమైనది కాదు. మూడు నెలలు ముఖము చాటు చేసిన మేఘము మూడు దినములు ముసురు పట్టి, బెట్టకు వాడిన పైరును అడుగంటిన చెరువును ఆదుకొనిన సందర్భములు మన జిల్లాలలో అనేకములు. అయినను పొన్నూరున నిలిచి నలుదిక్కుల చూచువారికి ఈ విషయము అంత సరళముగా తోచదు. ఈ పట్టణమునకు తూర్పున, దక్షిణమున కృష్ణా పశ్చిమ డెల్టా మాగాణి. పడమట పెదనందిపాడు, ప్రత్తిపాడుల వైపు ప్రత్తియు మిరపయు పండు నల్లరేగడి. అది దాటి పోగా పోగా దర్శి, కనిగిరి, మార్కాపురముల మెట్ట. ఒకే వాయుగుండము ఈ మూడు నేలలకును మూడు విధములైన ఫలము నిచ్చును. లెక్కలో లోటు పూడుట వేరు, పొలములో కరవు తీరుట వేరు అను సత్యమును ఈ ప్రాంతము బోధించినంత స్పష్టముగా మరియొకటి బోధింపదు.

నైరుతి ఋతుపవనము అరేబియా సముద్రమునుండి తెచ్చిన తేమలో అధికభాగమును పశ్చిమ కనుమలకే సమర్పించి, ఆవలి వాలున దిగి తూర్పుతీరము చేరునప్పటికి బడలిన గాలియై యుండును. ఉత్తర బంగాళాఖాతమున పుట్టు అల్పపీడనములు సాధారణముగా ఒడిశా మీదుగా మధ్యభారతమునకు సాగిపోవును. వాటివలన మనకు మబ్బే గాని వాన తక్కువ. పశ్చిమ మధ్య బంగాళాఖాతమున, అనగా మన తీరమునకు ఎదురుగా, అల్పపీడనము ఏర్పడినపుడే గుంటూరు సీమలో తడి నిలుచును. ఇక ఈశాన్య ఋతుపవనము వచ్చు అక్టోబరు మొదలు డిసెంబరు వరకు గల కాలము తుఫానుల కాలము. ఉమ్మడి ప్రకాశము జిల్లా సాధారణ వర్షపాతమున నైరుతి భాగమును ఈశాన్య భాగమును ఇంచుమించు సమానములు. కావున ఆ జిల్లాకు హస్త, చిత్త కార్తెలు దాటిన పిదప గాని సంవత్సరపు మంచిచెడ్డలు తేలవు.

ఈ రెండు ఋతువులును వరుసగా మొగము త్రిప్పినచో ఏమగునో 1832–33లో, నందన నామ సంవత్సరమున, గుంటూరు మండలము చూచినది. అయిదు లక్షల జనములో లక్షన్నర మొదలు రెండు లక్షల వరకు ఆకలికి బలియైరని నాటి అంచనాలు. ‘డొక్కల కరవు’ అని పెద్దలు చెప్పుకొనినది ఈ కరవునే. ఆనాడు కృష్ణ ఎండిపోలేదు. నదిలో ప్రవహించు నీటిని పొలమునకు మరల్చు సాధనము లేకపోయినది, అంతే. విజయవాడకడ ఆనకట్ట 1852–55 సంవత్సరములలో లేచినది. దాని స్థానమున 1957 నాటికి నేటి ప్రకాశము బ్యారేజి నిలిచినది. ఎగువన నాగార్జునసాగరమునకు 1955లో శంకుస్థాపన జరుగగా, 1967లో కాలువలకు నీరు వదలబడినది.

ఈ కట్టడములు కేవలము నీటిని తెచ్చుటయే గాక, వర్షమునకును ఉపశమనమునకును గల సంబంధమునే మార్చివేసినవి. డెల్టా రైతునకు కరవు తీర్చు వాన డెల్టాలో కురియనక్కరలేదు. ఆషాఢ శ్రావణములలో మహాబలేశ్వరపు కొండలపై కురిసిన వాన ఆల్మట్టి, జూరాల, శ్రీశైలము, సాగరము దాటి, భాద్రపదమున పొన్నూరు చేలకు చేరును. తన ఇంటిపై చినుకు రాలకున్నను ఆ సంవత్సరము రైతు పంట పండును. తన ఇంటిపై కుండపోతగా కురిసినను ఎగువ జలాశయములు వట్టివైనచో రెండవ పంట మాట యటుంచి మొదటి పంటకే దిగులు. ఈ సంగతి జిల్లా వర్షపాతపు పట్టికలో ఎక్కడను కానరాదు.

2009 సంవత్సరము ఇందుకు మరచిపోరాని దృష్టాంతము. ఆ యేట దేశమున నైరుతి వర్షము 22 శాతము తక్కువ. 1972 తరువాత అంతటి అనావృష్టి లేదు. సెప్టెంబరు చివరను అక్టోబరు మొదటను అల్పపీడన ప్రభావమున కర్ణాటకపు ఉత్తరభాగమునను కర్నూలు సీమలోను కురిసిన కుంభవృష్టికి తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలు నగరము మునిగినది. శ్రీశైలమునకు 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినది. ఆ కట్టడము తట్టుకొనుటకు నిర్ణయింపబడిన పరిమితి 19 లక్షలు మాత్రమే. అక్టోబరు 5న ప్రకాశము బ్యారేజి నుండి 11 లక్షల క్యూసెక్కులు సముద్రమునకు పోయినవి. రేపల్లె ప్రాంతమున కరకట్ట తెగి, పది దినములకు ముందు వానకై మొక్కుకొన్న గ్రామములు నీట మునిగినవి. జలాశయములు నిండినవి, నిజమే. కాని ఆగస్టులో ఎండిన పైరును అక్టోబరు వరద బ్రతికింపజాలదు గదా!

నల్లరేగడి కథ వేరు. బెట్టకు నెర్రెలు విచ్చిన ఆ నేల మొదటి జల్లులను నెర్రెలగుండా లోతునకు త్రాగును. బంకమట్టి ఉబ్బి ఆ నెర్రెలు మూసుకొనిన పిదప మాత్రము నీరు ఇంకుట మిక్కిలి మందగించును. అందువలన నాలుగు పర్యాయములు కొలదికొలదిగా కురిసిన వాన చేసిన మేలులో సగమైనను ఒక్క దినమున కుమ్మరించిన తుఫాను చేయలేదు. మిగిలినదంతయు వాగుల పాలు. హస్త చిత్తల పదును మీదనే ప్రకాశము జిల్లాలో శనగ వేయుదురు, పొగాకు నాటుదురు. అదే వాన విశాఖ కార్తెలో తుఫానుగా విరుచుకుపడినచో నాటిన పొగాకు కొట్టుకొనిపోయి మరల నాటవలసి వచ్చును. పగిలిన ప్రత్తికాయ నానిపోవును. మిరపతోటలో నిలిచిన నీటికి వేరు కుళ్లును. కాని మరికొంత పడమటికి పోయినచో, నల్లమల వాగులు పారి గుండ్లకమ్మపై విజయనగర రాజుల కాలమున కట్టిన కంభము చెరువు నిండవలెనన్న అట్టి పెనువానయే కావలెను. పొన్నూరు రైతు భయపడు మేఘమునకై కంభము రైతు చేతులు జోడించును. ఇరువురి కోరికయు న్యాయమే.

2023లో ఈ వైరుధ్యమంతయు ఒక్క యేట ప్రత్యక్షమైనది. ఆ ఆగస్టు 1901 తరువాత దేశమున అత్యల్ప వర్షము కురిసిన ఆగస్టు. శ్రీశైలము, సాగరము నిండలేదు. సాగరపు కుడి కాలువ క్రింది ఆయకట్టు బీడువడినది. నవంబరు 30న త్రాగునీటి నిమిత్తము సాగరముపై రెండు రాష్ట్రముల పోలీసులు ఎదురెదురుగా నిలువవలసిన దుర్దశ పట్టినది. అటు పిమ్మట అయిదవ దినమున, డిసెంబరు 5న, మిచాంగ్ తుఫాను బాపట్ల సమీపమున తీరము దాటినది. పులిచింతల జలాశయము, పట్టిసీమ ఎత్తిపోతల నీటితో ఎట్లో పండించుకొన్న డెల్టా వరి అప్పటికి కొంత పనలపైనను, కొంత కోతకు సిద్ధమైయు నుండెను. పనలు నీట తేలినవి, నిలిచిన చేలు నేలకొరిగినవి, వరి కోతకు ముందు చల్లిన మినుము విత్తనము మురిగిపోయినది. నీటికి అలమటించిన సంవత్సరము నీటిచేతనే ముగిసినది.

ఇట్టి సంవత్సరమును మన లెక్కలు ఎట్లు గ్రహించును? వాతావరణ శాఖ పరిభాషలో సగటుకు 19 శాతము తగ్గినను అది ‘సాధారణమే’. ఒక్క తుఫాను చాలును, మూడు నెలల లోటు కాగితముపై మాసిపోవుటకు. 2016లో కేంద్రప్రభుత్వము వెలువరించిన కరవు నియమావళి వాన లేని వారములను సైతము గణింపుమని చెప్పుట సంతోషకరమే. అయినను ఖరీఫు కరవును నిర్ణయించుటకు అది పెట్టిన గడువు అక్టోబరు నెలాఖరు. అప్పటికి మనకు స్వాతి కార్తె నడుచుచుండును. ప్రకాశమునకు రావలసిన వానలో మంచి భాగము మిగిలియుండును. డెల్టా వరి చేనిలోనే యుండును. ఈ నేలకు తగిన లెక్క కార్తెల వారీగా, మండలముల వారీగా, ఎగువ జలాశయముల మట్టముతో కలిపి సాగవలెనని నా దృఢాభిప్రాయము.

రెండు పనులు మాత్రము లెక్కలకై వేచియుండనక్కరలేదు. మొదటిది మురుగు. డెల్టాలో నీరు పారించుటకు చూపిన శ్రద్ధ నీరు తీయుటకు చూపలేదని 1964 నాటి మిత్రా కమిటీ కాలమునుండియు వినుచున్నాము. మురుగు సెస్సు సైతము రైతు చెల్లించినాడు. అయినను నల్లమడ డ్రెయిను నేటికిని గట్టులు దాటి పొంగుచునే యున్నది. రెండవది అదును. ఈ నేలకు ప్రీతిపాత్రమైన సాంబమసూరి, బాపట్లలో రూపొందిన బీపీటీ 5204, ఇంచుమించు 150 దినముల పంట. గోదావరి నీరు పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా సకాలమున అంది, మృగశిర చివర నారుమడి పోసినచో నవంబరు మధ్యకు కోత పూర్తియగును. నీరు నెల యాలస్యమైనచో కోత డిసెంబరు నడిమికి, అనగా మిచాంగ్ వచ్చిన దినమునకు ఆవలికి, పోవును. ప్రకాశము బ్యారేజి వద్ద జూన్ రెండవ వారమున కాలువల తలుపులెత్తు నిర్ణయము ప్రతి సంవత్సరము మే నెలలోనే ప్రకటింపబడవలెను; శివారు భూముల రైతులు విత్తనము కొనుటకు ముందే ఆ మాట వారికి చేరవలెను.