పేరు లేని పుల్లర్‌ను కాటాకు వేయకండి

పాత వర్క్‌షాపు ఖాళీ చేసేటప్పుడు పేరూ నెంబరూ లేని పనిముట్లే ముందుగా తుక్కులోకి పోతాయి. వాటిలో పుల్లర్లూ ఉంటాయి. షాఫ్టుకు బిగుసుకున్న బేరింగునో, గేరునో, ఫ్లైవీలునో సుత్తి దెబ్బ లేకుండా వెనక్కి లాగే సాధనం పుల్లర్. ‘దేనికో తెలియదు’ అని దాన్ని కిలోల లెక్కన అమ్మేయడం తొందరపాటని నా అభిప్రాయం. ముద్ర లేకపోయినా ఆధారాలు ఆ ఇనుము మీదే ఉంటాయి.

ముందుగా అది దేన్ని ఎలా పట్టుకుంటుందో చూడాలి. కొక్కేల్లాంటి కాళ్లు రెండో మూడో ఉంటే బయటి అంచును పట్టి లాగే రకం. అది ఒక్క యంత్రానికే చెందినదై ఉండాలని లేదు. కాళ్లు లేకుండా గుండ్రటి ఒంటి మీద మరలు, మధ్యలో ఒక బోల్టు ఉంటే మాత్రం అది ఫలానా భాగానికని కొలిచి చేసినది. ఒంటి మీది మరలు ఆ భాగం హబ్‌లోకి ఎక్కుతాయి, మధ్య బోల్టు షాఫ్టు కొనను నెడుతుంది.

ఇక వెర్నియర్, పిచ్ గేజ్ తీయాలి. బయటి మర వ్యాసం 22 మి.మీ., పిచ్ 1 మి.మీ. అయితే అది దాదాపుగా కాటర్ లేని సైకిల్ క్రాంకును ఊడదీసేదే. పాత ఫ్రెంచి టీఏ క్రాంకులకైతే 23 మి.మీ. కావాలి. మన పాత నల్ల సైకిళ్లలో క్రాంకును కాటర్ పిన్ను పట్టి ఉంచుతుంది కనుక వాటికి ఇది అక్కర్లేదు.

అంగుళాల మరల సంగతి ఇంకా ఆసక్తికరం. అరంగుళం బోల్టుకు అంగుళానికి 12 మరలుంటే విట్‌వర్త్, 13 ఉంటే అమెరికన్ ముతక మర. మర కోణం విట్‌వర్త్‌లో 55 డిగ్రీలు, అమెరికన్, మెట్రిక్ మరల్లో 60. జోసెఫ్ విట్‌వర్త్ తన పద్ధతిని 1841లో ప్రతిపాదించాడు. బ్రిటన్, అమెరికా, కెనడా ఉమ్మడి మరకు ఒప్పుకున్నది 1948లో. ఆ తర్వాత కూడా విట్‌వర్త్ మర చాన్నాళ్లు వాడుకలో ఉంది కాబట్టి మర చూసి వయసు చెప్పేయడం సాహసమే. పైగా మధ్య బోల్టును ఎవరో ఎప్పుడో మార్చి ఉండొచ్చు. ఒంటి మీది మరనే నమ్మడం మేలు. తుప్పు గీకే ముందు అరుగుదల గుర్తులు ఫొటో తీసుకోవాలి. ఎక్కడ నునుపు తేలిందో అక్కడే అది పని చేసింది.

‘బిగించి చూస్తే తెలిసిపోతుందిగా’ అనేవారుంటారు. ఆ మాట ప్రమాదకరం. 20 సెం.మీ. స్పానర్ మీద 20 కిలోల బరువుతో తిప్పితే, 2 మి.మీ. పిచ్ బోల్టు ఘర్షణే లేకుంటే 12 టన్నులకు పైగా నెడుతుంది. ఘర్షణ చాలా భాగం తినేసినా సుమారు రెండు టన్నులు మిగులుతుంది. సరిపడని మర సగమే ఎక్కి ఉంటే ఆ బలానికి హబ్ మరలు కోసుకుపోతాయి.

ఐటీఐలు ఇలాంటి పనిముట్లకు ఒక అర కేటాయించి, ఒక్కోదానికి చీటీ కట్టాలి: వ్యాసం, పిచ్, ఏ షెడ్డు నుంచి వచ్చింది, పాత మేస్త్రీ ఏమన్నాడు. మర ఎటు తిరుగుతుందో తప్పక రాయాలి. కొన్ని ఫ్లైవీల్ పుల్లర్లకు ఎడమ మర ఉంటుంది. అది తెలియని కుర్రాడు కుడివైపే తిప్పుతూ మంచి ఫ్లైవీలును పాడు చేస్తాడు.