నూరు శాతం హాజరు ఎవరి కోసం?



మా దగ్గర చదివే ఒక బాబు బ్లడ్ క్యాన్సర్‌కి చికిత్స తీసుకుంటూ మళ్ళీ స్కూలుకి వస్తున్నాడు. వాళ్ళ అమ్మానాన్నల అనుమతితోనే, పేరు, తరగతి చెప్పకుండా ఇది రాస్తున్నాను. సంగతి తెలిశాక ఇద్దరు ముగ్గురు తల్లులు ఫోన్ చేసి, మొహమాటపడుతూనే, "మేడమ్, మా పాప బెంచీ మార్చగలరా?" అని అడిగారు. అడగడంలో తప్పు లేదు, భయం ఉన్నప్పుడు అడగాలి. జవాబు మాత్రం సూటిగా చెప్పాలి. క్యాన్సర్ అంటుకోదు. పక్కన కూర్చున్నా, చెయ్యి పట్టుకున్నా, ఒకే బస్సులో వచ్చినా రాదు. ప్రమాదం ఉన్నది అటు నుంచి కాదు, ఇటు నుంచి. మన పిల్లలకి నాలుగు రోజుల్లో తగ్గిపోయే జ్వరం ఆ బాబుకి ప్రాణం మీదికి రావచ్చు.

ఎందుకో తెలియాలంటే ఆ బాబుకి వైద్యం చేసే డాక్టర్ ఏం చేస్తారో కొంచెం తెలియాలి. పిల్లల రక్త జబ్బులు, క్యాన్సర్లు చూసే డాక్టర్‌ని పీడియాట్రిక్ హెమటో ఆంకాలజిస్ట్ అంటారు. వాళ్ళ దగ్గరికి ఎక్కువగా వచ్చే క్యాన్సర్ అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా, క్లుప్తంగా ఏ.ఎల్.ఎల్. ఎముకల మూలుగలో తెల్లకణాలు సరిగ్గా ఎదగకుండానే లెక్కకు మించి పుట్టుకొచ్చి, మంచి కణాలకి చోటు లేకుండా చేస్తాయి. పిల్లలు పాలిపోతారు, జ్వరం ఓ పట్టాన తగ్గదు, దెబ్బ తగలకుండానే ఒంటి మీద కమిలిన మచ్చలు వస్తాయి, కాళ్ళు నొప్పులంటారు. (కాళ్ళ నొప్పులన్న ప్రతి పిల్లవాడికీ ఇదే అని కంగారు పడకండి. కానీ ఇవన్నీ కలిసి వచ్చి వారాల తరబడి ఉంటే మాత్రం సి.బి.పి. చేయించడానికి ఆలస్యం చేయొద్దు.)

ఈ చికిత్స రెండు నుంచి మూడేళ్ళు సాగుతుంది. మొదటి కొన్ని నెలలు కఠినంగా ఉంటుంది, జుట్టు రాలేది అప్పుడే. తర్వాత ఇంటి దగ్గర రోజూ మెర్కాప్టోప్యూరిన్ మాత్ర, వారానికోసారి మెథోట్రెక్సేట్. డాక్టర్ పనిలో ఎక్కువ భాగం, నాకు అర్థమైనంత వరకు, లెక్కలే. వెళ్ళిన ప్రతిసారీ ఎత్తు, బరువు చూస్తారు, ఆ రెంటిని బట్టి మందు మోతాదు కడతారు. రక్తపరీక్షలో తెల్లకణాలు మరీ పడిపోతే మాత్ర ఆపాలి, ఎక్కువగా ఉంటే మోతాదు పెంచాలి. మెదడు వైపు దాక్కున్న జబ్బు కణాలకి రక్తంలోకి ఎక్కించే మందు సరిగ్గా చేరదు కాబట్టి వెన్నులోకి సూదితో ఇవ్వాలి. ఇవన్నీ ఒక ఎత్తు, తల్లిదండ్రులకి నచ్చజెప్పడం మరో ఎత్తు. జుట్టు మళ్ళీ వచ్చి, బుగ్గలు నిండి, పిల్లవాడు క్రికెట్ ఆడుతుంటే ఇంకా మందులెందుకు అనిపిస్తుంది. అక్కడ మాత్రలు మానేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది.

ఈ వారం వారం మందు వెనక మన భీమవరంలో పుట్టిన ఒకాయన ఉన్నారు. యల్లాప్రగడ సుబ్బారావు గారు. మెట్రిక్ మూడోసారికి గానీ పాసవలేదు (యూనిట్ టెస్ట్ మార్కులకి దిగులుపడే వాళ్ళకి ఇది చెబుతుంటాను). అమెరికాలో లెడర్లే లేబొరేటరీలో ఆయన నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. దానికి విరుగుడుగా పనిచేసే మందుల్ని కూడా తయారు చేసింది. వాటిలో ఒకటైన అమైనోప్టెరిన్‌ని బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకి ఇచ్చారు. 1948 జూన్‌లో ఆయన ప్రకటించిన ఫలితాల ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి మెరుగైంది. అది కొన్నాళ్ళే నిలిచింది, నిజమే. కానీ అంతకు ముందు ఆ జబ్బుకి మందే లేదు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు 53 ఏళ్ళకే చనిపోయారు. మెథోట్రెక్సేట్ కూడా అదే కోవకి చెందిన మందు.

ఈ రోజు ధనిక దేశాల్లో ఏ.ఎల్.ఎల్. వచ్చిన పిల్లల్లో దాదాపు 90 శాతం మంది బతుకుతున్నారు. మన దగ్గర ఇంకా అంత లేదు. మందులు అవే. జబ్బు ఆలస్యంగా తెలియడం, చికిత్స మధ్యలో మానేయడం, ఇన్‌ఫెక్షన్లు మనల్ని వెనక్కి లాగుతున్నాయి. ఇన్‌ఫెక్షన్ల దగ్గరికి వచ్చేసరికి స్కూలు కూడా బాధ్యత తీసుకోవాలి. ఆ పిల్లలకి జ్వరం 100.4 దాటితే అర్ధరాత్రైనా సరే ఆసుపత్రికి రమ్మంటారు డాక్టర్లు. పోరాడే తెల్లకణాలు తక్కువ కాబట్టి కొన్ని గంటల్లోనే పరిస్థితి చేయి దాటవచ్చు.

ఇప్పుడు మన సంగతి. వీక్లీ టెస్ట్ పోకూడదని, నూరు శాతం హాజరు సర్టిఫికెట్ రావాలని, పొద్దున్నే సిరప్ వేసి బస్సెక్కించడం చాలా ఇళ్ళలో మామూలైపోయింది. పదకొండింటికి మందు దిగిపోతుంది, పిల్ల తల బెంచీ మీద వాల్చేస్తుంది. ఏ టీచర్‌ని అడిగినా చెబుతారు. ఇంత ఫీజు కట్టి ఇంట్లో కూర్చోబెట్టాలా అన్న బాధ, ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్తే పిల్లని ఎవరు చూస్తారన్న ఇబ్బంది నాకు అర్థమవుతాయి. అందుకే తప్పంతా మీదే అనడం లేదు. జ్వరంతో వచ్చిన హాజరుకి స్టేజీ మీద బహుమతి ఇస్తున్నది మేమే కదా. ఆ సర్టిఫికెట్ తీసేయాలని నా అభిప్రాయం. జ్వరం వల్ల పోయిన టెస్ట్‌ని మళ్ళీ పెట్టాలి, ప్రోగ్రెస్ కార్డులో ఆబ్సెంట్ అని వేయకూడదు. ఈ మాట ప్రిన్సిపాల్ గారితో అంటే, ఇక్కడ రాయమన్నది ఆవిడే.

మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకునే తలసీమియా పిల్లల గురించి కూడా ఆలోచించండి. నెలకి ఒకటి రెండు రోజులు వాళ్ళకి ఆసుపత్రిలోనే గడుస్తాయి. ఎంత బాగా చదివినా ఆ బహుమతి వాళ్ళకి రాదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆటలమ్మ. అమ్మవారు పోసిందని వేపాకు కట్టి, బయటికి చెప్పకుండా ఉండే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. మీ నమ్మకం మీది, నేనేమీ అనను. కానీ ఒక్క ఫోన్ చేయండి. పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అది అంటుకుంటుంది. అంటే మీ పాప అప్పటికే క్లాసులో కూర్చుని వెళ్ళి ఉంటుంది. ఆ రోజే మాకు తెలిస్తే ఆ బాబు తల్లికి చెబుతాం, ఆమె డాక్టర్‌ని కలిస్తే ముందుజాగ్రత్త మందు ఇవ్వగలుగుతారు. వారం తర్వాత తెలిస్తే ఆ అవకాశం చాలావరకు పోతుంది. ఎవరింట్లో వచ్చిందో క్లాసులో చెప్పం.

కీమో జరుగుతుండగా ఆ బాబుకి ఆటలమ్మ టీకా ఇవ్వకూడదు, అది బతికున్న క్రిమితో చేసే టీకా. చుట్టూ ఉన్నవాళ్ళు వేయించుకోవడమే అతనికి రక్షణ. తట్టు టీకా ప్రభుత్వమే ఉచితంగా వేస్తుంది. ఆటలమ్మ టీకా ప్రభుత్వ జాబితాలో లేదు కాబట్టి చాలామంది పిల్లలకి పడి ఉండదు. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కి టీకాల కార్డు కూడా తీసుకురండి. రెండు డోసులూ పడ్డాయో లేదో చూసుకుని, లేకపోతే మీ పిల్లల డాక్టర్‌ని అడగండి.